ర్యామ్ సగం ఖాళీగానే ఉంది, ఆట మాత్రం మూసుకుపోయింది

అందరికీ నమస్కారం. రైలు సిమ్యులేటర్ ఆడేవాళ్లు ఒకేచోట ఇంతమంది దొరకడం అరుదు కాబట్టి ఉపోద్ఘాతం లేకుండా విషయంలోకి వెళ్లిపోతాను.

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నా సిస్టమ్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. టాస్క్ మేనేజర్‌లో చూస్తే సగం కూడా నిండలేదు. అయినా గంట నడిపాక అవుట్ ఆఫ్ మెమరీ అని చెప్పి ఆట మూసుకుపోతోంది. ఇంకో 16 వేయిస్తే సరిపోతుందా?" చాలాసార్లు నా జవాబు ఒకటే: సరిపోదు, డబ్బులు దాచుకో. ఎందుకంటే మెమరీ అనే ఒక్క మాట కింద కంప్యూటర్‌లో వేర్వేరు వ్యవహారాలు నడుస్తున్నాయి. ప్రోగ్రామ్ గుర్తుపట్టగలిగే మెమరీ పరిధి, అంటే అడ్రస్ స్పేస్ ఒకటి. విండోస్ ఇస్తానని మాటిచ్చే కమిట్ మెమరీ ఒకటి. గ్రాఫిక్స్ కార్డు మీద ఉండే మెమరీ ఇంకొకటి. చివరగా మనం చేత్తో పట్టుకుని బోర్డులో గుచ్చే ర్యామ్ స్టిక్కు. ఆట మాత్రం వీటిలో ఏది అయిపోయినా దాదాపు ఒకేలా చచ్చిపోతుంది. ఏది అయిపోయిందో తెలుసుకోకుండా కొనడం మొదలుపెడితే షాపువాడు తప్ప ఎవరూ బాగుపడరు.

ఇందులో అడ్రస్ స్పేస్ గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. మన ఆటల్లో ఎక్కువమందిని ఏడిపించింది అదే. 32 బిట్ ప్రోగ్రామ్ మెమరీలోని ప్రతి బైటునూ ఒక నంబరుతో గుర్తుపెట్టుకుంటుంది. ఆ నంబరు 32 బిట్లలో ఇమడాలి. అలాంటి నంబర్లు మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. అంటే సరిగ్గా 4 జీబీ. మీ బోర్డు మీద 64 జీబీ ఉన్నా, ఆ ప్రోగ్రామ్‌కు అంతకు మించి ఒక్క బైటు కూడా కనిపించదు. పైగా ఆ నాలుగూ దానికి ఊరికే దక్కవు. మామూలుగా విండోస్ 32 బిట్ ప్రోగ్రామ్‌కు 2 జీబీ వరకే ఇస్తుంది. తయారు చేసినవాళ్లు ఫైల్‌లో 'లార్జ్ అడ్రస్ అవేర్' అనే గుర్తు పెట్టి ఉండి, మీ విండోస్ 64 బిట్‌ది అయితేనే మొత్తం 4 జీబీ అందుతుంది.

ఇప్పుడు మనందరికీ తెలిసిన ఆటను తీసుకుందాం. 2007లో కుజు సంస్థ చేసిన రైల్ సిమ్యులేటర్ వచ్చింది. అదే 2009లో రైల్‌వర్క్స్ అయింది, తర్వాత డవ్‌టెయిల్ వాళ్ల ట్రైన్ సిమ్యులేటర్ అయింది, ఇప్పుడు ట్రైన్ సిమ్యులేటర్ క్లాసిక్ అంటున్నారు. దాని 64 బిట్ వెర్షన్ వచ్చింది 2018 అక్టోబరులో. అంటే 2007 నుంచి అప్పటిదాకా ఆ ఇంజిన్ 4 జీబీ గోడ లోపలే బతికింది. ఈలోగా రూట్లు పొడవయ్యాయి, స్టేషన్లు నిండిపోయాయి, లోకోల మీద రివెట్లు కూడా లెక్కపెట్టుకునేంత వివరం వచ్చింది. గోడ మాత్రం అక్కడే ఉంది. "సంథింగ్ బ్యాడ్ హాజ్ హ్యాపెన్డ్" అన్న ఆ పెట్టె పాత ఆటగాళ్లకు బాగా గుర్తుంటుంది. ఏదో చెడు జరిగిందట! అది చెప్పడానికి ఒక మెసేజ్ బాక్సు.

లెక్క ఒకసారి వేసి చూడండి. 2048 బై 2048 సైజు టెక్స్‌చర్, అంటే మోడల్ మీద అతికించే బొమ్మ ఒకటి, కంప్రెస్ చేయకుండా ఉంటే 16 ఎంబీ. దూరం నుంచి చూసినప్పుడు వాడే చిన్న నకళ్లను, అంటే మిప్‌మ్యాపులను కలిపితే 21 ఎంబీ దాటుతుంది. అదే బొమ్మను డీఎక్స్‌టీ5 పద్ధతిలో కుదిస్తే 4 ఎంబీ, డీఎక్స్‌టీ1లో అయితే 2 ఎంబీ, మిప్‌మ్యాపులు కాకుండా. కంటికి తేడా పెద్దగా తెలియదు, మెమరీకి ఎనిమిది రెట్లు తేడా. 4096 సైజు అయితే కంప్రెస్ చేయనిది ఒక్కటే 64 ఎంబీ మింగుతుంది. ఉచిత యాడ్-ఆన్‌లు చేసేవాళ్లు ఇష్టంతో, ఓపికతో చేస్తారు, వాళ్లను అనడానికి లేదు. కానీ కొందరు ఇంజిన్ లోపల డ్రైవర్ కుర్చీకి కూడా 4096 టెక్స్‌చర్ వేస్తారు. ఆ కుర్చీ మీద మనం కూర్చుంటాం తప్ప దాన్ని చూసేదెప్పుడు?

ఇంకో ముఖ్యమైన సంగతి. 32 బిట్ ఆట సరిగ్గా 4 జీబీ దగ్గర పడిపోదు, అంతకంటే ముందే పడిపోతుంది. పండగ రోజుల్లో రిజర్వేషన్ చార్టు చూశారు కదా. మొత్తం రైలులో ముప్పై బెర్తులు ఖాళీగా ఉంటాయి, కానీ ఆరుగురి కుటుంబానికి ఒకేచోట వరసగా ఆరు కావాలంటే దొరకవు. ఇక్కడా అంతే. ఆట గంటసేపు సీనరీని తెచ్చి పారేస్తూ, తెచ్చి పారేస్తూ ఉంటే అడ్రస్ స్పేస్ ముక్కలు ముక్కలవుతుంది. మొత్తం మీద ఖాళీ ఉన్నా, పెద్ద టెక్స్‌చర్‌కు కావలసినంత వరస జాగా ఉండదు. దీన్నే ఫ్రాగ్మెంటేషన్ అంటారు. అందుకే బయలుదేరినప్పుడు బాగానే ఉన్న ఆట, గంట తర్వాత ఏదో పెద్ద జంక్షన్‌లోకి ఎంటర్ అవుతుండగా కూలిపోతుంది. జంక్షన్‌లో లోపం ఉండదు, దానికి వరసగా జాగా దొరకలేదు. నిజంగా చూడాలనుకుంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్‌లో వీఎమ్‌మ్యాప్ అని ఉచిత పనిముట్టు ఉంది. ఆ ముక్కలన్నీ రంగుల్లో కనిపిస్తాయి.

'ర్యామ్ క్లీనర్' అని వచ్చే సాఫ్ట్‌వేర్‌ల గురించి ఇక్కడే చెప్పేస్తాను. అవి ర్యామ్‌లో ఉన్నదాన్ని బయటికి తోసి, చూడటానికి ఖాళీ చూపిస్తాయి. ఆట అడ్రస్ స్పేస్‌లో ఒక్క అంగుళం కూడా ఖాళీ కాదు. తోసినదాన్ని ఆట మళ్లీ లోపలికి లాక్కోవాలి కాబట్టి పైగా నత్తనడక. తీసేయండి.

సరే, మీ సమస్య ఇదేనా కాదా ఎలా తెలుస్తుంది? ముందు చూడాల్సింది చాలా చిన్న విషయం. ఆట నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి. పేరు పక్కన 32 బిట్ అని ఉందా? ట్రైన్ సిమ్యులేటర్‌లో రెండు ఫైళ్లూ పక్కపక్కనే ఉంటాయి, ఒకటి రైల్‌వర్క్స్, ఇంకొకటి రైల్‌వర్క్స్64. ఎప్పుడో డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న పాత షార్ట్‌కట్ నొక్కుతూ, కొత్త కంప్యూటర్‌లో కూడా 32 బిట్ వెర్షన్‌నే నడిపేవాళ్లు ఉంటారు. షార్ట్‌కట్ మారిస్తే చాలు, రూపాయి ఖర్చు లేదు. ఇంకా, టాస్క్ మేనేజర్ మొదటి పేజీలో కనిపించే మెమరీ అంకెను నమ్మకండి. డీటెయిల్స్ ట్యాబ్‌లోకి వెళ్లి, కాలమ్‌ల పేర్ల మీద రైట్ క్లిక్ చేసి 'కమిట్ సైజ్' తెచ్చుకోండి. ఆట నిజంగా ఎంత అడిగిందో దానికి దగ్గరగా చెప్పేది ఆ అంకె.

తర్వాత నాకు బాగా ఇష్టమైన పరీక్ష. ఆట కూలిపోయే చోటికి ఐదారు కిలోమీటర్ల ముందు సేవ్ చేయండి. ఆటను పూర్తిగా మూసేయండి, మెనూలోకి రావడం కాదు, డెస్క్‌టాప్‌కు రావాలి. మళ్లీ తెరిచి ఆ సేవ్ నుంచి నడపండి. ఈసారి ఆ చోటు దాటేసిందంటే, దారి పొడవునా మెమరీ పేరుకుపోవడమే జబ్బు. మళ్లీ అదే సిగ్నల్ దగ్గర, అదే మలుపులో పడిపోయిందంటే ఎక్కువ అనుమానం అక్కడి సీనరీ మీదో, ఎదురొచ్చే రైలు మీదో పెట్టాలి. ఏదో ఒక మోడల్ ఫైల్ పాడైపోయి ఉంటుంది. ఒక్కోసారి ఒక్కోచోట, ఐదు నిమిషాలకోసారి, గంటకోసారి, వేరే ఆటల్లో కూడా పడిపోతోందంటే అప్పుడు కంప్యూటర్‌ను అనుమానించండి. సగం రోగం ఇక్కడే తేలిపోతుంది. ఇంత చవకైన పరీక్షను వదిలేసి జనం ముందుగా విండోస్ మళ్లీ ఎక్కించడానికి పరుగెత్తుతారు, నాకు అర్థంకాని విషయం అది.

పేరుకుపోవడమే జబ్బు అయితే, 32 బిట్‌లోనే ఆడక తప్పదంటే, తగ్గించాల్సినవి సీనరీ డెన్సిటీ, వ్యూయింగ్ డిస్టెన్స్. ఇంకా సినారియోలో తిరిగే రైళ్లలో రకాలు. సంఖ్య కాదు, రకాలు. దీన్ని మన రైళ్లతో చెప్తాను. ఉచితంగా దొరికే ఓపెన్ రైల్స్ సిమ్యులేటర్‌లో మనవాళ్లు చాలామంది మన రైల్వే లోకోలు, కోచ్‌లు నడుపుతారు. ఇరవై రెండు ఎల్‌హెచ్‌బీ కోచ్‌ల రేక్ తీసుకోండి. అందులో ఒకే మోడల్ కోచ్‌లు పది ఉంటే ఆ పదికీ కలిపి టెక్స్‌చర్ ఒక్కసారే లోడ్ అవుతుంది. అదే యార్డులో పది లోకోలు, ఒక్కోటి ఒక్కో షెడ్డు రంగుల్లో రీపెయింట్ చేసినవి నిలబెడితే పది సెట్ల టెక్స్‌చర్లు లోపలికి వస్తాయి. రేక్ పొడవు చూసి భయపడతాం, యార్డులోని వైవిధ్యం చూసి మురిసిపోతాం. మెమరీ తినేది మాత్రం రెండోది.

ఓపెన్ రైల్స్‌లో ఒక సుఖం ఉంది. ఆడుతుండగా ఎఫ్5 నొక్కి, షిఫ్ట్ పట్టుకుని మళ్లీ ఎఫ్5తో పేజీలు తిప్పితే డీబగ్ పేజీలో మెమరీ ఎంత వాడుతోందో కనిపిస్తుంది. స్టేషన్ స్టేషన్‌కూ ఆ అంకె రాసుకోండి. సీనరీ వెనకబడ్డాక కూడా తగ్గకుండా పెరుగుతూనే ఉంటే సంగతి తెలిసిపోతుంది. ఆట డెస్క్‌టాప్ మీద లాగ్ ఫైల్ కూడా పెడుతుంది. దాన్ని చూసి చాలామందికి టెన్షన్ వస్తుంది, వందల వార్నింగులు ఉంటాయి కాబట్టి. అక్కడ ఒక ఏస్ (టెక్స్‌చర్) ఫైల్ లేదు, ఇక్కడ ఒక శబ్దం లేదు అని. అవి ఆటను చంపవు. ఆట పడిపోయిన క్షణానికి ముందున్న చివరి వరసల్లో 'ఎర్రర్' అని ఉన్నది చదవండి. ట్రైన్ సిమ్యులేటర్‌లో కూడా లాంచ్ ఆప్షన్లలో లాగ్‌మేట్ పెట్టుకుంటే ఇలాంటి లాగ్ వస్తుంది. అందులో తరచూ పనికొచ్చే మందు ఇంకొకటి: సెట్టింగ్స్‌లో క్యాష్ క్లియర్ చేయడం. కొత్త యాడ్-ఆన్ వేశాక మొదలైన క్రాష్‌లకు అది ముందు చేయండి, ఆ తర్వాత స్టీమ్‌లో ఫైళ్లు వెరిఫై చేయించండి.

64 బిట్‌కు మారాక కూడా పడిపోతోందా? అప్పుడు కమిట్ సంగతి చూడాలి. విండోస్ అన్ని ప్రోగ్రామ్‌లకూ కలిపి ఇవ్వగలిగేది మీ ర్యామ్, దానికి పేజ్ ఫైల్ (ర్యామ్‌కు తోడుగా విండోస్ డ్రైవులో పెట్టుకునే ఫైల్) కలిపినంత. ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందని ఎవరో చెప్తే పేజ్ ఫైల్ తీసేసినవాళ్లు ఇక్కడ కూడా ఉండే ఉంటారు. ప్రోగ్రామ్‌లు వాడుకునే దానికంటే ఎక్కువ ముందే అడిగి పెట్టుకుంటాయి. పేజ్ ఫైల్ లేకపోతే ఆ మాటలన్నిటికీ అసలు ర్యామ్‌నే హామీ ఉంచాలి. అందుకే ర్యామ్ ఇంకా ఖాళీ కనిపిస్తుండగానే విండోస్ 'లేదు' అనేస్తుంది. పేజ్ ఫైల్‌ను తిరిగి సిస్టమ్ మేనేజ్డ్‌లో పెట్టండి, ఆ డ్రైవులో కాస్త జాగా వదలండి. ఇదే జరిగిందా అని చూసుకోవాలంటే, విండోస్ జరిగినవన్నీ రాసిపెట్టే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి 2004 నంబరు ఈవెంట్ వెతకండి. ఎక్కువ మెమరీ తిన్న ప్రోగ్రామ్‌ల పేర్లు కూడా అందులోనే రాసి ఉంటాయి. ఆటకంటే బ్రౌజరే ముందుంటే ఆశ్చర్యపోకండి.

గ్రాఫిక్స్ మెమరీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, టాస్క్ మేనేజర్ జీపీయూ పేజీలోనే కనిపిస్తుంది. ట్రైన్ సిమ్యులేటర్‌లో అంచులను నునుపు చేసే సెట్టింగ్‌ను 2 బై 2 ఎస్‌ఎస్‌ఏఏలో పెడితే 1080పీ తెరకు కూడా లోపల 3840 బై 2160 బొమ్మ గీస్తోందని, అంటే నాలుగు రెట్ల పిక్సెళ్లని గుర్తుంచుకుంటే చాలు. ముందు దాన్ని దించండి.

అయితే ఇక్కడ ఒక విచిత్రమైన కథ ఉంది. ట్రైన్ సిమ్ వరల్డ్ అన్‌రియల్ ఇంజిన్ మీద నడుస్తుంది. ఆ ఇంజిన్‌తో చేసిన ఆటల్లో 'అవుట్ ఆఫ్ వీడియో మెమరీ' అనే ఎర్రర్ కొందరికి గ్రాఫిక్స్ మెమరీ బోలెడు ఖాళీ ఉన్నా వచ్చేది. కార్డు మార్చినా వచ్చేది. చివరికి తేలిందేమిటంటే, చాలామంది విషయంలో తప్పు కార్డుది కాదు, ప్రాసెసర్‌ది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో పై శ్రేణివి కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల పాడై తప్పుడు లెక్కలు చేస్తున్నాయి. లెక్క తప్పితే ఇంజిన్ దాన్ని మెమరీ లేదని అర్థం చేసుకునేది. ఇంటెల్ 2024 ఆగస్టులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణ ఇచ్చింది, అది బయోస్ అప్‌డేట్‌గా వస్తుంది. ఇప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను మాత్రం ఆ సవరణ బాగుచేయదు, మార్పించుకోవాల్సిందే. ఇంటెల్ వాటికి వారంటీ కూడా పొడిగించింది. ఆ తరాల ఐ7, ఐ9 వాడుతూ బయోస్ అప్‌డేట్ చేయనివాళ్లు ఈ రాత్రే చేసుకోండి.

ర్యామ్ స్టిక్కే పాడైందన్న అనుమానం ఉంటే బయోస్‌లో ర్యామ్‌ను మామూలు కంటే వేగంగా నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగ్ ఆపేసి రెండు రోజులు ఆడి చూడండి. తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు చూపించినా ఆ స్టిక్కు పనికిరాదు, ఒకటే కదా అని సర్దుకోకండి.

ఎవరినైనా సాయం అడిగేటప్పుడు 'ఆట క్రాష్ అవుతోంది' అని ఒక్క వాక్యం రాయకండి. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిస్తే ఆ క్రాష్‌కు 'ఫాల్టింగ్ మాడ్యూల్' అని ఒక పేరు, ఒక ఎక్సెప్షన్ కోడ్ ఉంటాయి. ఆ రెండూ, ఏ రూటు, ఏ చోటు, బయలుదేరిన ఎంతసేపటికి, కమిట్ సైజ్ ఎంత ఉండగా, 32 బిట్టా 64 బిట్టా అన్నవి రాయండి. కోడ్ చివర 0005 ఉంటే దానర్థం ప్రోగ్రామ్ తనది కాని చోట చెయ్యి పెట్టిందని, మెమరీ అయిపోయిందనే కాదు. మాడ్యూల్ పేరు గ్రాఫిక్స్ డ్రైవర్‌దైతే ముందు డ్రైవర్ సంగతి చూద్దాం. ఇంకా ఒక్కసారికి ఒక్క మార్పే చేయండి. ఒకేసారి ఐదు సెట్టింగులు మార్చి బాగైందంటే, ఏ ఒక్కదానివల్ల బాగైందో తెలియక మిగతా నాలుగింటినీ జీవితాంతం తక్కువలోనే ఉంచుకుంటారు.

ల్యాప్‌టాప్‌లు తెచ్చుకున్నవాళ్లు ఈవెంట్ వ్యూయర్ తెరిచి, ఆఖరి క్రాష్ దగ్గర పెట్టుకుని ముందుకు రండి. ఒక్కోటీ ఇక్కడే తెర మీద చూద్దాం.