పేద నీటిలో బతికే ఆల్డ్రొవాండా

మిత్రులారా, పురుగుల్ని తినే మొక్క అనగానే చాలామందికి వీనస్ ఫ్లైట్రాప్ గుర్తొస్తుంది. నీళ్లలో దానికి దగ్గరి బంధువు ఒకటుంది, ఆల్డ్రొవాండా వెసిక్యులోసా. ఆకు రెక్కలు టక్కున మూసి ఎరను పట్టే మొక్కలు ఈ రెండే. 1875లో డార్విన్ కూడా దీని గురించి ఇష్టంగా రాశాడు. అంతకు చాలా ముందే, 1696లో, భారతదేశం నుంచి వెళ్లిన నమూనాల ఆధారంగా ఇంగ్లండ్ వృక్షశాస్త్రవేత్త ప్లూకెనెట్ దీన్ని గ్రంథస్థం చేశాడు.

దీనికి వేళ్లుండవు. సాధారణంగా జానెడు లోపే ఉండే కాండం నీటి పైపొర కిందే తేలుతుంటుంది. దాని చుట్టూ బండి చక్రపు చువ్వల్లా వలయానికి 5 నుంచి 9 ఆకులు, ప్రతి ఆకు చివరా కొన్ని మిల్లీమీటర్ల బోను. లోపలి నూగుకు డాఫ్నియా అనే చిన్న నీటి జీవి తగిలిందా, సెకనులో 10వ వంతు కూడా గడవకముందే బోను మూతపడుతుంది. ఆ వేగం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అన్నీ అనుకూలిస్తే రోజుకో కొత్త వలయం పుడుతుంది, వెనక కొస కుళ్లిపోతూ ఉంటుంది. చలి దేశాల్లో కొన మొగ్గగా ముడుచుకుని అడుగుకు చేరి, వసంతంలో మళ్లీ పైకి తేలుతుంది.

ఇంత వేట దేనికి? అది బతికే నీటిలో నత్రజని, భాస్వరం బాగా తక్కువ కాబట్టి. అయితే కార్బన్ డయాక్సైడ్ మాత్రం దండిగా కావాలి. అందుకే రెల్లు, తుంగ కుళ్లి టీ రంగు తేలిన లోతులేని అంచులంటే దానికి ఇష్టం. పొలాల ఎరువు అక్కడికి చేరితే కథ మారిపోతుంది. తిండికి కొదవ ఉండదు, కానీ పీచులాంటి నాచు కాండాన్ని చుట్టేస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటుంది, వెలుతురు ఆపేస్తుంది.

యూరప్, ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియాలలో సహజంగా పెరిగే ఈ మొక్కను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంతరించే ప్రమాదమున్న జాతిగా గుర్తించింది. విచిత్రమేమిటంటే, మనుషులు తీసుకెళ్లి వదిలిన అమెరికాలోని కొన్ని చెరువుల్లో మాత్రం బాగానే పెరుగుతోంది. అంటే మొక్కలో జీవశక్తి తగ్గలేదు, తగిన నీరే తగ్గిపోయింది. అలాంటప్పుడు కుండీల్లో పెంచి పాడైన చెరువులో వదిలితే ఏం లాభం? ముందు ఎరువు నీటిని ఆపాలి. చెరువు శుభ్రం చేస్తున్నామంటూ అంచున ఉన్న రెల్లును పూర్తిగా పీకేయడం మానాలి.