రీస్టార్ట్ చేస్తే పోదు

అందరికీ నమస్కారం. ప్రెసిడెంట్ గారికి, సెక్రటరీ గారికి, ఈ షామియానా వేయించిన సి బ్లాక్ కుర్రాళ్లకి... అందరి పేర్లూ చదివితే బజ్జీలు చల్లారిపోతాయి, వదిలేస్తున్నా. నన్ను ఓటీపీ మోసాల మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. అయిపోయింది. మిగతా తొమ్మిదిన్నర నిమిషాలు మా ఇంటి వైఫై డబ్బా, అదే రౌటర్, గురించి చెబుతా, రెండేళ్లుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నా.

ఒకరోజు మా ఆవిడ బ్యాంకు సైట్ తెరిస్తే ఇది సురక్షితం కాదని ఎర్రగా హెచ్చరిక వచ్చింది. అయినా ముందుకెళ్తానని నొక్కబోతుంటే ఆపాను. నా ల్యాప్‌టాప్‌లోనూ అదే. వైఫై తీసేసి సిమ్ డేటా మీద చూస్తే మామూలుగా వచ్చింది. అంటే తేడా డబ్బాలోనే. నెట్ పెట్టిన అబ్బాయికి ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేయండి అంకుల్" అన్నాడు. చేశాను. పోలేదు. "అడాప్టర్ పీకి, ఐదు నిమిషాలు ఆగి పెట్టండి అంకుల్." నాలుగు రోజులు ఇదే భజన.

చివరికి మా చెల్లెలి కొడుకు వచ్చి డబ్బా సెట్టింగ్స్ తెరిచాడు. యూజర్ నేమ్ అడ్మిన్, పాస్‌వర్డూ అడ్మినే! లోపల డీఎన్ఎస్ నంబర్లు ఎవరో మార్చేశారు. డీఎన్ఎస్ అంటే, మనం బ్యాంకు పేరు కొడితే ఎక్కడికెళ్లాలో చెప్పే చిరునామాల పుస్తకం. మన పుస్తకం తీసేసి దొంగ పుస్తకం పెట్టారు. ఆ మార్పు డబ్బాలో సేవ్ అయి ఉంటుంది, వందసార్లు ఆపి వేసినా చెక్కుచెదరదు.

పాపం, ఆ అబ్బాయి మాటలో సగం నిజముంది లెండి. 2016లో మిరాయ్ అని ఒక మాల్‌వేర్, అంటే డబ్బాల్లో దూరే దొంగ ప్రోగ్రామ్, వచ్చింది. ఫ్యాక్టరీలో పెట్టిన 60కి పైగా యూజర్ నేమ్, పాస్‌వర్డ్ జతలు పట్టుకుని ఇంటర్నెట్‌లో కెమెరాల, వాటి వీడియో దాచే డీవీఆర్‌ల, రౌటర్ల తలుపులు తట్టింది. అలా దొరికిన డబ్బాలతోనే ఆ అక్టోబర్ 21న అమెరికాలో డైన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి తెరుచుకోలేదు. మిరాయ్ ఆపగానే చెరిగిపోయే మెమరీలోనే ఉండేది కాబట్టి రీస్టార్ట్ చేస్తే పోయేది, కానీ పాస్‌వర్డ్ అదే ఉంటే కాసేపట్లో మళ్లీ వచ్చి కూర్చునేది. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే ఇంకో మాల్‌వేర్ వచ్చినప్పుడైతే ఎఫ్‌బీఐ వాళ్లే రౌటర్లు రీస్టార్ట్ చేయమన్నారు. అక్కడా మొదటి భాగం డబ్బాలో మిగిలిపోయేది. మన దగ్గరా 2017లో బీఎస్ఎన్ఎల్ మోడెమ్‌లు కొన్ని మాల్‌వేర్ బారిన పడితే పాస్‌వర్డ్ మార్చుకోమని సంస్థే చెప్పింది.

సరే, చేతులెత్తండి. వైఫై పాస్‌వర్డ్ కాదు, డబ్బా లోపలి పాస్‌వర్డ్ మార్చినవాళ్లు ఎంతమంది? ...ముగ్గురు. సెక్రటరీ గారూ, మీరు ఎత్తలేదు, నేను చూశాను.

ఇంకొకటి, డబ్బా మీద డబ్ల్యూపీఎస్ అని బటన్ ఉంటుంది, వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండానే ఫోన్ కలపడానికి. దాని పిన్‌లో 8 అంకెలు, పది కోట్ల అవకాశాలనుకుంటాం. చివరి అంకె లెక్కతో వచ్చేదే, పైగా డబ్బా మొదటి నాలుగూ సరిపోయాయా లేదా అని విడిగా చెప్పేస్తుంది. అంటే పదివేలు, ఆపైన ఒక వెయ్యి. పదకొండు వేలసార్లు ప్రయత్నిస్తే చాలు! 2011 చివర్లోనే బయటపడ్డ సంగతి ఇది. మా డబ్బాలో మొన్నటిదాకా ఆన్‌లోనే ఉంది. ఆపేయండి. బయటినుంచి సెట్టింగ్స్ తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్ కూడా. సీసీ కెమెరాని, వచ్చే పోయే చుట్టాల ఫోన్లని గెస్ట్ వైఫై మీద పడేయండి. అప్‌డేట్లు ఆగిపోయిన పాత డబ్బా అయితే, ఎంత బాగా పనిచేస్తున్నా మార్చేయండి.

డబ్బా మీద అనుమానముంటే వెనక రీసెట్ చిల్లులో పిన్నుతో నొక్కి పట్టుకోండి, లోపల సేవ్ అయినవన్నీ చెరిగిపోతాయి. ఆగండాగండి, ఇప్పుడే కాదు! ముందు నెట్ కనెక్షన్ యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ రాసుకోండి, లేకపోతే నెట్ రాదు, మళ్లీ ఆ అబ్బాయికే ఫోన్ చేయాలి, ఆయన ఏమంటాడో మీకు తెలుసు. రీసెట్ అయ్యాక ఫైబర్ వైరు పెట్టకముందే కొత్త పాస్‌వర్డ్ పెట్టండి.

బజ్జీలయ్యాక నేను 'ఎ' బ్లాక్ నుంచి మొదలుపెడతా. తలుపు కొడితే తీయండి, పాస్‌వర్డ్ మాత్రం నాకు చెప్పకండి, మీరే కొట్టండి. సెక్రటరీ గారూ, మీదే ముందు.