టైరు కొత్తది, రిమ్ము పాతది

అందరికీ నమస్కారం. ఈ సమావేశం ఏర్పాటు చేసిన మిత్రులకు, దూరాల నుంచి ట్రెయిలర్లు లాక్కుంటూ వచ్చిన మీ అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నాకు ఇచ్చిన అంశం ‘ప్రయాణానికి ముందు తనిఖీ’. బ్రేకులు, లైట్లు, హిచ్ (ట్రెయిలర్‌ను బండికి తగిలించే కొక్కెం), గ్యాస్ సిలిండర్లు అన్నీ కలిపి అరగంటలో చెప్పమన్నారు. నేను టైర్ల దగ్గర మొదలుపెడతాను. అక్కడే సమయం అయిపోయినా మీరు మన్నించాలి, ఎందుకంటే ఈ మాట చెప్పడానికే నేను ఒప్పుకుని వచ్చాను.

మన బృందంలో ఒక పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు. వాళ్ళ ట్రెయిలర్‌కు కంపెనీ నుంచి వచ్చినవి ఎస్టీ రకం, అంటే ట్రెయిలర్ల కోసమే చేసే టైర్లు, సైజు 225/75ఆర్15, లోడ్ రేంజ్ సి. టైరు ఎంత గాలి, ఎంత బరువు తట్టుకుంటుందో చెప్పే అక్షరం అది; సి కన్నా డి, డి కన్నా ‘ఈ’ గట్టివి. అవి పాతబడ్డాయి. మార్చేటప్పుడు మంచివే వేయిద్దామని ఒక టైర్ల షాపుకు వెళ్ళారు. అక్కడి వాళ్ళు అదే సైజులో లోడ్ రేంజ్ ‘ఈ’ టైర్లు చూపించి, ‘పది ప్లై అండీ, పది పొరలంత గట్టివి, ఇక మీకు టెన్షన్ లేదు’ అని నాలుగూ బిగించి, 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టి పంపారు. ప్రయాణానికి ముందు రోజు ఆయన నన్ను పిలిచి, ఒకసారి చూడు బాబూ అన్నారు.

ముందు వాల్వ్ చూశాను. మామూలు రబ్బరు వాల్వ్, పాతదే. రిమ్ము రంధ్రం దగ్గర దాని మొదలు ఉబ్బి ఉంది. వేలితో కాస్త పక్కకు వంచితే చుట్టూ సన్నటి పగుళ్ళు కనిపించాయి. సబ్బునీళ్ళు పోస్తే ఆ పగుళ్ళలోంచి ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఈ రకం రబ్బరు వాల్వులు సాధారణంగా 65 పీఎస్ఐ వరకే. అందులో 80 ఉంది.

తరవాత చక్రం విప్పి, తిరగేసి, వెనక పక్క పట్టిన మట్టిని తీగ బ్రష్‌తో గీకాం. లోహంలో అచ్చు గుద్దిన అక్షరాలు బయటపడ్డాయి. గరిష్ఠ బరువు 2,150 పౌండ్లు, గరిష్ఠ గాలి 50 పీఎస్ఐ. ఆ రిమ్ములో 80 కొట్టారు! పెద్దాయన అక్కడికక్కడే షాపుకు ఫోన్ చేశారు. అవతలి నుంచి వచ్చిన సమాధానం ఒక్కటే: ‘టైరు మీద 80 అని రాసి ఉంది కదండీ.’

ఈ జవాబు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. టైరు మీద రాసింది టైరు సంగతి. రిమ్ము సంగతి రిమ్ము మీద రాసి ఉంది. దాన్ని తిప్పి చూడాల్సింది ఎవరు? డబ్బు కట్టి, నమ్మి, బయట కుర్చీలో కూర్చున్న మనిషా? చక్రాన్ని చేతిలో పట్టుకున్న మనిషా? మీలో ఎంతమంది మీ రిమ్ము వెనక ఏం రాసి ఉందో చూశారు? చేతులెత్తండి. చూశారా, ఇంతమందిలో ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళ తప్పు కాదిది. అక్కడ చూడాలని మనకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు లెక్క చెబుతాను, కాస్త ఓపిక పట్టండి. అమెరికాలో అమ్మే ఎస్టీ టైర్లలో, ఇందాక చెప్పిన సైజు లోడ్ రేంజ్ సి అయితే 50 పీఎస్ఐ దగ్గర 2,150 పౌండ్లు మోస్తుంది. డి అయితే 65 దగ్గర 2,540. ‘ఈ’ అయితే 80 దగ్గర 2,830. బరువు మోసేది గాలి. ప్లై అంకె ఎక్కువుంటే ఆ టైరు ఎక్కువ గాలిని తట్టుకుంటుందని అర్థం, అంతే. అదే ‘ఈ’ రకం టైరులో 50 మాత్రమే ఉంచితే అది మోసేదీ 2,150 పౌండ్లే, సి టైరుతో సమానం. అంటే 50 పీఎస్ఐ రిమ్ము మీద ‘ఈ’ రకం టైరు వేసుకుంటే, రిమ్ము పరిమితిలో ఉన్నంతసేపు లెక్కప్రకారం అదనంగా మోసేది ఏమీ లేదు. పరిమితి దాటితే ఒత్తిడంతా రిమ్ము మీద పడుతుంది. అలా బరువూ గాలీ రెండూ మించిన రిమ్ము రోజురోజుకూ అలిసిపోతుంది. పగుళ్ళు నట్ల రంధ్రాల చుట్టూ, అతుకుల దగ్గరా మొదలవుతాయి. బయటికి కనబడవు.

కాబట్టి టైరు, రిమ్ము, వాల్వ్, ఈ మూడింటిలో తక్కువ దానికి ఏ అంకె ఉంటే అదే మీ పైహద్దు. ట్రెయిలర్ ఎడమ పక్కన ముందు భాగంలో అతికించిన పట్టీ మీద ఉన్న గాలి అంకె కింది హద్దు. రిమ్ము అనుమతిస్తే, ఎస్టీ టైరుకు సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, మీద రాసినంత గాలీ పెట్టమనే నేను చెబుతాను. అనుమతించకపోతే రిమ్ములు కూడా మార్చండి, లేదా రిమ్ముకు సరిపోయే టైరే కొనండి. రిమ్ము మీద బరువు మాత్రమే ఉండి గాలి అంకె లేకపోతే, తయారీదారును అడిగి తెలుసుకున్నాకే టైరు ఎక్కించండి. వాల్వ్ మాత్రం కొత్త టైరుతోపాటు తప్పకుండా మారాలి. 65 దాటేట్టయితే నట్టుతో బిగించే లోహపు వాల్వ్ వేయించండి.

అసలు మనవాళ్ళు పై రకం టైర్లకు ఎందుకు వెళ్తున్నారు? అందులో న్యాయం ఉంది. 3,500 పౌండ్లు మోసే యాక్సిల్, అంటే ఇరుసు, తీసుకోండి. ఒక్కో చక్రానికి 1,750. దానికి చాలా ట్రెయిలర్లలో వేసి వచ్చే ఎస్టీ 205/75ఆర్14 సి టైరు మోసేది 1,760. మిగులు పది పౌండ్లు! నీళ్ళ ట్యాంకు ఒక పక్కనుంటే, వంటసామాను కూడా ఆ పక్కే పెడితే, ఆ పదీ ఎప్పుడు దాటిపోయిందో మనకు తెలియదు. అదే సైజు డి టైరు 65 దగ్గర 2,040 మోస్తుంది. ఆ మిగులు కోసం పై రకానికి వెళ్ళడం మంచి ఆలోచనే. కానీ యాక్సిల్ ఇంకా 3,500దే. టైరు గట్టిదైందని సామాను పెంచడానికి వీల్లేదు. సామానంతా ఎక్కించి, నీళ్ళు నింపి, ఒకసారి కాటా మీదికి తీసుకెళ్ళండి. వీలైతే ఒక్కో చక్రం విడిగా తూయించండి.

ఇంకొందరు సైజు కూడా మారుస్తారు, 205 నుంచి 225కి. అప్పుడు రిమ్ము వెడల్పు చూడాలి. 205 టైరు 5 అంగుళాల రిమ్ము మీద కూర్చుంటుంది. 225కి కనీసం 6 కావాలి. పైగా 15 అంగుళాల రిమ్ముకు 225 వేస్తే చక్రం మొత్తం వ్యాసం అంగుళం పైనే పెరుగుతుంది. రెండు యాక్సిళ్ళ బండిలో టైరుకూ టైరుకూ మధ్య సందు, మడ్‌గార్డు లోపలి సందు రెండూ కొలవండి.

గాలి తక్కువ పెట్టేవాళ్ళతో కూడా నాకు ఒక గొడవ ఉంది. కారు అలవాటుతో, లోపల సామాను కుదుపుకు గురికాకుండా మెత్తగా ఉండాలని తగ్గిస్తారు. దయచేసి వద్దు. రెండు యాక్సిళ్ళ ట్రెయిలర్ ఇరుకు మలుపు తిరిగేటప్పుడు ఒకసారి వెనక నిలబడి చూడండి. టైర్లు దొర్లవు, పక్కకు ఈడ్చుకుపోతాయి, సైడ్‌వాల్ వంకర పోతుంది. గాలి తక్కువైతే ఆ వంపు ఇంకా ఎక్కువ, వేడి ఇంకా ఎక్కువ, లోపలి బెల్టులు విడిపోయి ట్రెడ్, అంటే రోడ్డుకు తగిలే పై పొర, ఊడివస్తుంది. ఊడిన ట్రెడ్ మడ్‌గార్డునే కాదు, నేలను, వైరింగును కూడా చీల్చేస్తుంది.

గాలి చూడాల్సింది పొద్దున్నే, బండి కదలకముందు, టైరు మీద ఎండ పడకముందు. కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి. దారిలో వేడెక్కి అంకె పెరిగితే కంగారుపడి గాలి తీయకండి. అది పెరుగుతుందని లెక్కవేసే టైరు చేస్తారు.

చీటీ వచ్చింది, అయిదు నిమిషాలే ఉన్నాయట. బ్రేకులు, లైట్ల గురించి చెప్పలేకపోయాను, నిర్వాహకులు మన్నించాలి. రెండు మాటలు త్వరగా చెప్పేస్తాను. స్పేర్ టైరు కూడా అదే రకం అయ్యుండాలి. చక్రం విప్పి బిగించాక 50 మైళ్ళలోపే ఆగి, టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానాతో) నట్లు మళ్ళీ చూడాలి.

చివరగా మీకో విన్నపం. ఇకమీదట ట్రెయిలర్‌కు టైర్లు వేయించుకున్నప్పుడు మూడు సంగతులు బిల్లు మీద రాయించుకోండి. రిమ్ము వెనక ఉన్న బరువు, గాలి అంకెలు. వేసిన వాల్వ్ రకం. కొట్టిన గాలి ఎంత. రాయం అంటే, చక్రం బండికి బిగించకముందే ఆపండి. రాయాలంటే చక్రం తిప్పి చూడక తప్పదు. నా దగ్గర గేజ్, తీగ బ్రష్, టార్చి లైటు ఉన్నాయి. మీటింగ్ అయ్యాక బయట ట్రెయిలర్ల దగ్గరే ఉంటాను, మీ స్పేర్ చక్రం దించి తీసుకురండి, దాని మీద అంకెలు చదువుదాం.