ముగింపులో ‘అయితే ఏంటి?’

హోస్ట్: వ్యాసం నాలుగు పేజీలు బాగానే రాసేస్తాం. చివరి పేరా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. చెప్పాల్సిందంతా చెప్పేశాం, ఇంకేం రాయాలండీ?

గెస్ట్: అందుకే చాలామంది చెప్పిందే మళ్ళీ చెప్తారు. ‘ఈ విధంగా’ అని మొదలవుతుంది చూడండి, అక్కడే నాకు దొరికిపోతారు.

హోస్ట్: (నవ్వుతూ) నేనూ దొరికాను మీకు.

గెస్ట్: మొన్న ఒక కుర్రాడి వ్యాసం దిద్దాను. చేతులు కడుక్కోవడం గురించి. అందులో 1847 నాటి వియన్నా ఆసుపత్రి సంగతి ఉంది. ప్రసూతి వార్డులో బాలింతలు జ్వరమొచ్చి చనిపోతున్నారు. డాక్టర్లు శవాలను కోసి పరీక్షించి, అవే చేతులతో పురుళ్ళు పోస్తున్నారని సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పసిగట్టాడు. క్లోరిన్ సున్నం, అంటే బ్లీచింగ్ పౌడర్, కలిపిన నీళ్ళతో అందరి చేతులూ కడిగించాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి దిగాయి.

హోస్ట్: అబ్బ! మరి ముగింపు?

గెస్ట్: ‘కావున చేతుల శుభ్రత ఎంతో ముఖ్యం.’

హోస్ట్: అయ్యో, అది వ్యాసం చదవకముందే తెలుసు కదా!

గెస్ట్: ‘అయితే ఏంటి?’ అని అడిగాను. ‘ప్రాణాలు కాపాడొచ్చు సార్’ అన్నాడు. ‘అది రెండో పేరాలోనే ఉంది, అయితే ఏంటి?’ అని మళ్ళీ అడిగాను. కాస్త విసుక్కున్నాడు. ‘అంత తేడా కళ్ళముందే కనబడినా తోటి డాక్టర్లు చాలామంది నమ్మలేదు సార్. నమ్మితే ఆ తల్లుల్ని చంపింది తమ చేతులేనని ఒప్పుకోవాలిగా’ అన్నాడు. అదే రాయమన్నాను.

హోస్ట్: చేతుల శుభ్రత కాస్తా తప్పు ఒప్పుకోవడం దాకా వెళ్ళిందన్నమాట.

గెస్ట్: ఆసుపత్రితో పని లేనివాళ్ళకి కూడా తగులుతుంది అది. పైగా కొత్త లెక్క ఒక్కటీ తేలేదు, అంతా తను రాసిన దాంట్లోంచి తీసిందే.

హోస్ట్: కొందరు ఏకంగా ‘మానవాళి భవిష్యత్తు’ అంటారే?

గెస్ట్: అదో జబ్బు. సైకిల్ చెయిన్‌కి నూనె వేయడం గురించి రాసి మానవాళి ఎందుకండీ? చెయిన్ తెగి వర్షంలో సైకిల్ నెట్టుకుంటూ వెళ్ళే మనిషిని చూపిస్తే చాలు.

హోస్ట్: నా డ్రాఫ్ట్ ఒకటుంది. చివరి పేరా ‘మొత్తం మీద’ అని మొదలవుతుంది.

గెస్ట్: పైన ఆల్రెడీ చెప్పేసిన వాక్యాలన్నీ కొట్టేసి చదవండి.

హోస్ట్: (కాసేపాగి) ఏమీ మిగల్లేదండీ.

గెస్ట్: అయితే మీరింకా ముగింపు రాయలేదు.