కుక్కకు విషం పెడితే యాభై రూపాయలేనా? (ఫోన్-ఇన్)

యాంకర్: చెన్నై పెరంబూర్ నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం సార్. మా వీధి కుక్క నిన్న రాత్రి నురగ కక్కుకుని చచ్చిపోయింది. అన్నంలో మందు కలిపారని మా అనుమానం. స్టేషన్‌కి వెళ్తే, యాభై రూపాయల ఫైన్‌తో పోయే కేసమ్మా అన్నారు. అంతేనా సార్?

న్యాయవాది: కాదమ్మా. వాళ్లు చెప్పింది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. మొదటి నేరానికి పది నుంచి యాభై రూపాయలు. అప్పటి జరిమానా ఇప్పటికీ అంతే ఉందంటే నాకు కోపం వస్తుంది. ఆ చట్టం కోసం కొట్లాడింది మన మద్రాసులో కళాక్షేత్ర నృత్య పాఠశాల పెట్టిన రుక్మిణీదేవి గారు. రాజ్యసభలో సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాటిచ్చాక వెనక్కి తీసుకున్నారు. 1962లో జంతు సంక్షేమ బోర్డు మొదటి అధ్యక్షురాలూ ఆవిడే. 2018 దాకా ఆ ఆఫీసు చెన్నైలోనే ఉండేది.

మీ కేసుకి మాత్రం ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ఉంది. జంతువును విషం పెట్టి చంపితే ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదులో ఆ సెక్షన్ రాయండి. కుక్కను పాతిపెట్టేశారా?

కాలర్: లేదు సార్, గోనెసంచిలో ఉంచాం.

న్యాయవాది: మంచి పని చేశారు. పోలీసుల ద్వారా ప్రభుత్వ పశువైద్యుల చేత పోస్టుమార్టం అడగండి. విషం తేలకపోతే కేసు నిలబడటం కష్టం. మిగిలిన అన్నం ఉంటే చేత్తో ముట్టుకోకుండా కవర్లో వేసి అప్పగించండి. సీసీటీవీ ఫుటేజీ చెరిగిపోకముందే అడగండి.

కాలర్: మిగతా కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, దానికి గుర్తుగా చెవి కత్తిరించి ఉంటుంది. వాటినీ ఎక్కడైనా వదిలేయమంటున్నారు అసోసియేషన్ వాళ్లు.

న్యాయవాది: కుదరదమ్మా. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్, టీకా అయిన వీధికుక్కను పట్టుకున్న చోటే వదలాలి. రేబిస్ ఉన్నవీ, మీద పడి కరిచేవీ వేరే సంగతి. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అయితే వీధిలో ఎక్కడపడితే అక్కడ అన్నం పెట్టకూడదని కూడా అంది. మెట్ల దగ్గర, పిల్లలు ఆడుకునే చోట వద్దు. అసోసియేషన్‌తో కూర్చుని ఒక చోటు, ఒక టైము ఖాయం చేసుకోండి. కరుస్తాయని భయపడేవాళ్ల మాట కూడా వినాలి కదమ్మా.

కాలర్: స్టేషన్‌లో మళ్లీ తిప్పి పంపిస్తే?

న్యాయవాది: సీఎస్ఆర్ రసీదు, అంటే ఫిర్యాదు అందిందని ఇచ్చే చీటీ, ఇచ్చి సరిపెట్టాలని చూస్తారు, ఎఫ్ఐఆర్ కావాలని అడగండి. కాదంటే అదే ఫిర్యాదు పై అధికారికి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. ముందు పోస్టుమార్టం సంగతి చూడండి, ఈరోజే.