కరివేపాకు మీది పగటివేషగాడు

శ్రోతలకు నమస్కారం.

మేడ మీద కుండీలో కరివేపాకు దూయబోతుంటే రెమ్మ మీద పిట్టరెట్ట లాంటి మరక ఒకటి కనిపిస్తుంది. ముదురు గోధుమరంగు, నడుమ తెల్లటి పట్టీ. పుల్లతో తాకితే కదులుతుంది! అది గొంగళిపురుగు. విశాఖలో కరివేప, నిమ్మ మొక్కల మీద ఇలా కూర్చునేవి ముఖ్యంగా రెండు రకాల సీతాకోకచిలుకల పిల్లలు: కామన్ మార్మన్, నిమ్మ సీతాకోకచిలుక. రెండూ స్వాలోటెయిల్ కుటుంబానివే. వెనక రెక్కల కొసన తోకలుంటాయని ఆ పేరు వచ్చింది గానీ, నిమ్మ సీతాకోకచిలుకకు తోకే లేదు. ఇంటిపేరు కస్తూరివారన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఆడది ఆకు మీద వాలి ముందుకాళ్లతో చకచకా తడుతుంది. ఆ కాళ్లతోనే రుచి చూసి, తన పిల్లలు తినే మొక్క అని తేలాకే గుడ్డు పెడుతుంది. గసగసాల గింజంత గుడ్డు, లేత పసుపు. మూడు నాలుగు రోజుల్లో పిల్ల వస్తుంది. నాలుగో కుబుసం విడిచేదాకా పిట్టరెట్ట వేషమే. ఆ తరువాత ఒళ్లంతా ఆకుపచ్చ, నిడివి సుమారు 4 సెంటీమీటర్లు. మెడ దగ్గర కళ్లలా కనిపించేవి ఉత్త మచ్చలు. అసలు తల వాటి కింద చిన్నగా ముడుచుకుని ఉంటుంది. కెలికితే తల వెనక నుంచి పాము నాలుకలా చీలిన ఎర్రటి కొమ్ములు బయటికొచ్చి ఘాటు వాసన వేస్తాయి. చీమలను, సాలీళ్లను బెదరగొట్టడానికే ఇది. మనకు హాని లేదు.

పెంచి చూడాలనుకుంటే పురుగును చేత్తో పీకకండి, ఆకుతో సహా కత్తిరించండి. కదలకుండా ఉన్నది కుబుసం మారుస్తూ ఉండవచ్చు. అప్పుడు లాగితే చస్తుంది. చిన్న సీసాలో నీళ్లు పోసి రెమ్మ నిలబెట్టి, మూతి చుట్టూ దూది కుక్కాలి. లేకపోతే పురుగు దిగి నీళ్లలో మునుగుతుంది. పైన దోమతెర గుడ్డ చాలు. మూత బిగించిన డబ్బాలో చెమ్మ చేరి పురుగు కుళ్లిపోతుంది. విశాఖ ఉక్కలో మరీ త్వరగా. రెట్టలు రోజూ తుడవాలి. బజారులో కొన్న కరివేపాకు వెయ్యకండి, మందు కొట్టినదైతే పూటలో ప్రాణం తీస్తుంది. తినే ఆకులో ఎక్కువ భాగం చివరి నాలుగైదు రోజుల్లోనే తింటుంది కనుక చిన్న కుండీకి రెండు మూడు పురుగులు దాటితే మొక్క బోడిదవుతుంది.

పలచగా విరేచనం చేసి అటూ ఇటూ తిరుగుతోందంటే ప్యూపాగా, అంటే సీతాకోకచిలుక అయ్యే ముందు కదలకుండా ఉండే దశకు, మారబోతోందన్నమాట. జానెడు పుల్ల ఏటవాలుగా పెట్టండి. తోకను పట్టుదారంతో అతికించి, నడుముకి మొలతాడులా ఒక పోగు చుట్టుకుంటుంది. పచ్చటి ఆకుల మధ్యయితే ప్యూపా పచ్చన, ఎండుపుల్ల మీదయితే గోధుమరంగు. పది రోజులు అటూ ఇటుగా చూడండి. సీతాకోకచిలుకకు బదులు ప్యూపాకి చిన్న గుండ్రటి కన్నం పడిందంటే, లోపల పెరిగిన పరాన్నజీవి కందిరీగలు వెళ్లిపోయాయని అర్థం. పైకి వచ్చిన సీతాకోకచిలుక వేలాడటానికి చోటు లేకపోతే రెక్కలు ముడతలుగానే ఎండిపోతాయి, ఇక ఎగరలేదు.

బయటికొచ్చింది కామన్ మార్మన్ ఆడదయితే అసలు తమాషా అప్పుడే. మగవన్నీ ఒక్క తీరు: నల్ల రెక్కలు, తెల్ల చుక్కల వరస. ఆడవాటిలో కొన్ని అచ్చం మగవాటిలా, కొన్ని కామన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకలా, మరికొన్ని క్రిమ్సన్ రోజ్ అనే ఇంకో రకంలా ఉంటాయి. ఆ రోజ్‌ల పిల్లలు ఈశ్వరి తీగ తిని దాని విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి, పిట్టలు వాటి జోలికి పోవు. మార్మన్‌కి విషం లేదు, వేషం మాత్రమే. ఈ వేషాలను నడిపేది డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువని 2014లో పరిశోధకులు తేల్చారు. మరి ఆడవన్నీ ఎందుకు వేయవు? దొంగ వేషాలు అసలువాటిని మించిపోతే తిని చూసిన పిట్టలకు గుట్టు తెలిసిపోతుంది.

ఈ వేషాన్ని మనం కనిపెట్టడం మాత్రం తేలికే. కంబాలకొండ అడవి పొదల దగ్గరో, పెరట్లో నూరువరహాల పూల మీదో వాలినప్పుడు రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి. ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మన కరివేపాకు పురుగే.