గ్లాసులో నీళ్లు ఊరికే కూర్చోవు

అందరికీ నమస్తే. హన్మకొండలో సైన్స్ డే అంటే పిల్లలే వస్తారనుకున్నా, వెనక కుర్చీల్లో రిటైరైన ఫిజిక్స్ సార్లు కనిపిస్తున్నారు, నన్ను వైవా అడగకండి సార్.

ఈ బల్ల మీద గ్లాసు చూడండి. నీళ్లు కదలట్లేదు. లోపల మాత్రం ఒక్కో అణువు చుట్టూ ఉన్న మూడు నాలుగింటి చేతులు పట్టుకుని ఉంటుంది, అదే హైడ్రోజన్ బంధం. ఆ పట్టు ఒకటో రెండో పికోసెకన్లు, అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు, అంతలోనే జారిపోయి ఇంకో చెయ్యి దొరుకుతుంది. మేడారం జాతరలో జంపన్న వాగు గట్టు మీద నుంచి చూస్తే జనం ఒక్క ముద్దలా కనిపిస్తారు, చెయ్యి ఎన్నిసార్లు వదిలి ఎన్నిసార్లు పట్టుకున్నామో లోపల నలిగినవాడికే తెలుసు.

దీన్ని చూడటానికి ఏ కెమెరా సరిపోదు. నీళ్లలోకి లేజర్ పంపి, పక్కకు చెదిరిన వెలుతురును పట్టుకుంటాం. చాలావరకు అదే రంగులో వస్తుంది, కాస్తంత మాత్రం రంగు మారి వస్తుంది. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో రామన్ పట్టుకున్నది ఆ కాస్తనే. రంగు ఎంత జరిగిందో తరంగ సంఖ్యల్లో (సెంటీమీటరుకు ఎన్ని అలలన్న లెక్క) కొలుస్తాం; నీళ్ల వర్ణపటంలో 3,400 దగ్గర పెద్ద గుట్ట ఉంటుంది, అందరూ దాన్నే చూస్తారు. నాకైతే లేజర్ రంగును ఆనుకుని 180 దగ్గరుండే చిన్న మూపురమే ఇష్టం, ఎందుకంటే అది అణువులు ఒకదాన్నొకటి లాక్కునే ఊపు. నీళ్లు వేడిచేస్తే ఆ మూపురం చదునవుతుంది, పట్టు సడలిందన్నమాట.

ఇంకో తమాషా. 532 నానోమీటర్ల పచ్చ లేజర్ వేసి వెనక్కి వచ్చిన వెలుతురు చూస్తే పౌనఃపున్యం 7.5 గిగాహెర్ట్జ్ జరిగి ఉంటుంది, అంటే సుమారు 75 వేలలో ఒక వంతు. ఆ వెలుతురు నీళ్లలోని శబ్ద తరంగాలకు తగిలి వచ్చింది కాబట్టి దాన్నుంచి నీళ్లలో శబ్ద వేగం వచ్చేస్తుంది, సెకనుకు దాదాపు 1,500 మీటర్లు. మైకు అక్కర్లేదు.

నేను మొదట్లో వారం రోజులు మంచి గ్రాఫ్ వచ్చిందని మురిసిపోయా, రంగు మారని వెలుతురు చూపే మధ్య గీత తాటిచెట్టంత లేచింది. టెన్షన్ పడుతూ మా సార్‌కి చూపిస్తే ఆయన గ్రాఫ్ చూడనేలేదు, లైట్లార్పి సెల్, అంటే నీళ్లు పోసిన చిన్న గాజు పాత్ర, చూడమన్నారు. పెంకుల సందులోంచి పడే ఎండలో దుమ్ము తేలినట్టు చుక్కలు మెరుస్తున్నాయి! వారం రోజులూ నేను కొలిచింది దుమ్మును. ఆ తర్వాత 0.2 మైక్రాన్ల ఫిల్టర్ లేకుండా చుక్క నీరు ముట్టలేదు.

ఇప్పుడు లైట్లు ఆపండి. ఎడమ గ్లాసులో నల్లా నీళ్లు, కుడి దాంట్లో వడకట్టినవి. ముందు వరుస పిల్లలు దగ్గరికి రండి, పక్క నుంచి చూడండి, లేజర్‌కి ఎదురుగా కళ్లు మాత్రం పెట్టొద్దు.